బొందలగడ్డలో భక్షాలు

జములమ్మ నోటికి రాజోలిలో జడవనివాళ్లు లేరు. అంతటి నోరు పోయిన వానాకాలంలో మూగబోయింది. ఆత్మకూరులో క్రైస్తవుల ఇంటికి కోడలుగా వెళ్లిన కూతురు నిరోష జ్వరంతో పోయింది. శవపెట్టె వెంట వీధి మలుపు దాకా ఏడ్చుకుంటూ నడిచిందో లేదో, "ఆడోళ్లు బొందలగడ్డకు రావొద్దు వదినె" అని మరిది కురుమూర్తి చెయ్యి పట్టి ఆపేశాడు. కన్నబిడ్డ మీద పిడికెడు మన్ను వేసే రాత కూడా లేకపోయింది. ఏం ఆచారమో, పాడుగాను!

ఈస్టరుకు ముందురోజు పొద్దున్నే వియ్యపురాలు లలితమ్మ ఫోన్ చేసింది.

"వదినె, రేపు తెల్లారకముందే బొందలగడ్డకు పోతం. సమాధులకు సున్నమేసినం. నువ్వు రావాలె."

"ఆడోళ్లు పోవచ్చునా?"

"అయ్యో, ఈ పండుగ మొదలైందే ఆడోళ్లతోని! యేసయ్య పాణం పోయినంక మొగోళ్లు భయపడి తలుపులేసుకొని కూసుండ్రు. పొద్దు పొడవంగ సుగంధాలు పట్టుకొని సమాధికాడికి పోయింది ఆడోళ్లే. ఆయన లేచిండని ముందుగాల తెలిసింది గూడ వాళ్లకే. గందుకే మా వాడకట్టుల ఆ దినం ఆడోళ్లే ముందు నడుస్తరు."

జములమ్మకు ఒళ్లు పులకరించింది. ఎంత గుండెగల ఆడవాళ్లమ్మా! వెంటనే పొయ్యి వెలిగించి, నిరోషకు ప్రాణమైన భక్షాలు, పూర్ణం దట్టంగా పెట్టి, కాల్చి డబ్బాలో సర్దింది. అడ్డం రాబోయిన కురుమూర్తిని "నువ్వు గూడ తలుపేసుకొని కూసో, పో" అని కసిరి బస్సెక్కింది.

మర్నాడు మసకచీకట్లో తెల్లచీరల ఆడవాళ్లు కొవ్వొత్తులు పట్టుకొని పాడుతూ నడిచారు. బొందలగడ్డ నిండా బంతిపూలు! పోయినవాళ్ల దగ్గరికి కూడా చుట్టాలింటికి పోయినట్టు పోవచ్చునని జములమ్మకు అప్పుడే తెలిసింది. నిరోష సమాధి ముందు కూలబడి, కడుపారా ఏడ్చి, విస్తరి పరిచి భక్షాలు పెట్టింది. తమ ఇళ్లలో పెద్దలకు పెట్టినట్టే చుట్టూ నీళ్లు తిప్పింది.

పాట ఆగిపోయింది.

"అత్తమ్మా, మా దాంట్ల సచ్చిపోయినోళ్లకు గిట్ల పెట్టొద్దు," అంది లలితమ్మ కూతురు వసంత.

జములమ్మ ముఖం పాలిపోయింది. "నాకు తెల్వదు బిడ్డా... తీసేస్త," అంటూ విస్తరి అంచు పట్టుకుంది. ఇన్నాళ్లకు బిడ్డ దగ్గరికి వచ్చి, ఇక్కడా తప్పుదానిలా లేచిపోవాలా?

లలితమ్మ పక్కనే చతికిలబడింది. "ఊకో వసంతా. ఆ ఆడోళ్లు గూడ సచ్చినాయనకు పూయాలెననే సుగంధాలు తెచ్చిండ్రు. ఎవరన్న తప్పన్నరా?" అని విస్తట్లోని భక్షాన్ని తుంచి నోట్లో వేసుకుంది. "నలభై దినాల ఉపాసం మా వదినె చేతి తీపితోని ఇడుస్త."

ఎంత పెద్ద మనసు! ఒకరి వెనక ఒకరు చేతులు చాచారు. వసంత కూడా చాచింది.

పొద్దు పొడిచింది. "క్రీస్తు లేచెను!" అని ఎవరో కేకేస్తే, "నిజముగా లేచెను!" అన్నారందరూ.

"ఆయన ఒక్కడేనా, మనోళ్లు గూడ లేస్తరా?" అని అడిగింది జములమ్మ.

"లేస్తరు వదినె. మా నమ్మకమే గది."

జములమ్మ సమాధిని అరచేత్తో నిమిరింది. "నా బిడ్డ తొందరగ లేసే రకం గాదు. లేసిననాడు మాత్రం ముందుగాల నాకే కబురు చెయ్యాలె, చెప్తున్న!" అని ఏడుస్తూనే దబాయించింది.