వాళ్ళమ్మకి చెప్పారా?

ఎర్ర పెన్ను మూతను పళ్ళతో లాగి, ప్రూఫ్ రీడరు తర్వాతి పుట తిప్పింది. ఇక్కడా నెత్తురే. పైగా ‘నెత్తురు’లో వత్తు ఎగిరిపోయింది. వత్తు పెట్టి, పెట్టినందుకు తన మీద తనే విసుక్కుంది.

పెద్దపిల్లల కోసం రాసిన దెయ్యాల నవల అది. మొదట్లో ఆమె చాలా ఆశపడింది. పాడుబడ్డ ఈతకొలను, నీళ్ళ అడుగున ఎవరో అమ్మాయి. తర్వాత రచయితకు ఏం పూనిందో, ఇక నరుకుడే నరుకుడు. కథానాయిక స్నేహితురాలి గొంతు తెగిన పుటలోనే ప్రేమికులిద్దరూ ముద్దు పెట్టుకున్నారు.

“ఈ పేజీలో ఎవరే?” మంచం మీంచి అక్క అడిగింది.

బస్సు కండక్టరుగా టిక్కెట్లు కొట్టి చెల్లెల్ని చదివించిన మనిషి. బస్సంతా మోగిన గొంతు, గుండెజబ్బుతో మంచం పట్టాక గుసగుసలోకి దిగింది. అక్కకు పైకి చదివి వినిపిస్తూ తప్పులు దిద్దడం చెల్లెలికి అలవాటైపోయింది.

“లైబ్రేరియన్. తల ఎగిరిపోయింది.”

“అయ్యో, మంచావిడేగా. వాళ్ళమ్మకి చెప్పారా?”

“ఎవరూ చెప్పలేదు. ఏడవలేదు కూడా.”

ఉండబట్టలేక ఆమె సంపాదకుడికి ఫోన్ చేసింది.

“మేడమ్, అచ్చుతప్పులు చూడండి చాలు. పిల్లలకి ఇదే కావాలి.”

“ఇంతమందిని చంపారు సార్. ఒక్క చావైనా మీకు తగిలిందా?”

“శుక్రవారానికి పంపేయండి,” అని ఆయన పెట్టేశాడు.

అక్క సన్నగా నవ్వింది. “నీకెందుకే అంత కోపం? చదువు, ఎవరు మిగిలారో చూద్దాం.”

చెల్లెలు గొణుక్కుంటూనే చివరి ప్రకరణం చదివింది. ఈతకొలను దగ్గర కత్తులు, గొడ్డళ్ళు, మళ్ళీ కత్తులు. నీళ్ళలోని అమ్మాయి ఎవరో చెప్పడం మాత్రం రచయిత మర్చేపోయాడు.

“అయిపోయిందక్కా. అందరూ పోయారు.”

అక్క కళ్ళు మూసుకుని ఉంది. కునుకు పట్టిందనుకుని చప్పుడు కాకుండా మరో రెండు తప్పులు దిద్దింది. కాసేపటికి తలెత్తి చూస్తే అక్క గుండెల మీద దుప్పటి కదలడం లేదు.

“అక్కా,” అంది, నిద్ర చెడగొడుతున్నట్టు మెల్లగా. చెయ్యి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. కాయితాలు ఒళ్ళోంచి జారి నేలంతా పరుచుకున్నా ఆమె వంగలేదు.

మంచం పక్క స్టూలు మీద, అక్క సగం వలిచి పెట్టిన కమలాపండు తొక్క, ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా కిందికి వేలాడుతోంది.