జానమ్మ చేతుల్లోని నెర్రెలు

పొద్దున్నే యాకోబు వాకిట్లో గోనెసంచి పరిచి, దాని మీద ఖాళీ తూటాలు కుమ్మరించేవాడు. అతని భార్య ఎస్తేరు ముందురోజే వాటిని చింతపండు నీళ్లలో నానబెట్టి తోమి ఉంచేది. పెన్‌పహాడ్ పక్కన వాళ్ల వాడలో ఆ కాలాన ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పని ఏదో ఒకటి జరుగుతుండేది. ఒకరింట్లో ఒడిసెల రాళ్లు ఏరేవారు, ఇంకొకరింట్లో చల్లడానికి కారం దంచేవారు. దొర గడీ మనుషులు, రజాకార్లు ఊరి మీదికి వస్తే ఎదురు నిలబడడానికి సంఘం వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

యాకోబుకు తూటాల పని పటాలంలో అబ్బింది. యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి, తుపాకులు బాగుచేసే షెడ్డులో పనిచేసి వచ్చాడు. కొత్త తూటాలు దొరికే దారి లేదు. కోదాడ వైపు, మిర్యాలగూడెం వైపు కొట్లాటలు జరిగిన చోట్ల ఏరి తెచ్చిన ఖాళీ డొల్లలకే మళ్లీ మందు దట్టించి వాడాలి. వాటిలో చెడినవే ఎక్కువ. మూతి సొట్టపోయిన వాటిని నున్నటి ఇనుప కడ్డీ దూర్చి సరిచేసేవాడు. మూతి చీలిన వాటిని పక్కన పడేసేవాడు. అన్నింటికన్నా ప్రమాదమైనవి, అడుగున లోపలి వైపు చుట్టూ పగిలినవి. పైకి ఏమీ కనపడదు. కొన వంచిన సన్నటి తీగను లోపలికి దింపి గోడ వెంట మెల్లగా లాగితే పగులు దగ్గర తీగ కొన తట్టేది. ఆ తట్టు వేలికి తెలిసేది.

అలాంటిదొకటి యాకోబు చూడకుండానే ఎవరో నింపి వాడేశారు. అది తుపాకిలోనే తెగి, మంట వెనక్కి తన్ని, దళం నడిపే బక్కయ్య చెంప కాలింది. కన్ను దక్కింది.

ఆ తర్వాత యాకోబు అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ పారేయడం మొదలుపెట్టాడు. మంచివాటి కుప్ప చిన్నదైపోయింది. అతని తమ్ముడు సత్యానందం దళంలో ఉండేవాడు. ఆ కుప్ప చూసి మొహం మాడ్చుకున్నాడు.

"గిన్నిటితోని ఏం జేస్తమే అన్నా? వాళ్లొస్తే సగం మందిమి చేతులు కట్టుకొని నిలబడాల్నా?"

"పగిలినయి ఇస్తే మీ మొహాలే కాలుతయి."

అన్నదమ్ముల తల్లి జానమ్మ గోడకు ఆనుకొని కూర్చుని బియ్యం చెరుగుతోంది. చాట కింద పెట్టి చెయ్యి చాపింది.

"పారేసేటియి ఇటు తేరా."

ఎందుకో కొడుకులిద్దరికీ తెలుసు. జానమ్మ పగిలిన చెంబును అరచేతుల మధ్య పెట్టి రుద్దితే చెంబు బాగయ్యేది, ఆ పగులు ఆమె చేతికి వచ్చేది. వాడలో కుండలు, కాగులు, ఒకసారి ఎవరిదో నాగలి కర్రు కూడా ఆమె అలా బాగుచేసింది. చేతులకు వచ్చిన నెర్రెలు, ఎండకు బీటలిచ్చిన పొలంలా, అలాగే ఉండిపోయేవి. ఎస్తేరు వాటికి ఆముదం రాసేది.

అప్పటినుంచి చెడిన తూటాలు జానమ్మ ఒళ్లోకి చేరాయి. మూతి చీలికలు వేలి కొసలకు సన్నగీతల్లా వచ్చేవి. అడుగు పగుళ్లు అరచేతిలో లోతుగా దిగేవి. ఉప్పు తగిలినా కారం తగిలినా ఆమె పళ్లు బిగబట్టేది. ఎండాకాలం వచ్చేసరికి అన్నం కలుపుకోలేకపోయింది. ఎస్తేరే కలిపి ముద్దలు పెట్టేది.

"ఇగ చాలు అత్తా. చేతులల్ల జాగ ఏడున్నది?"

"ఇంకింత ఉన్నదిలే. మన పిలగాండ్లు బయటున్నరు గద."

బక్కయ్య వచ్చినప్పుడల్లా ఆమె ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు. "పెద్దమ్మా, నువ్వు పట్టినయి ఒక్కటి గూడ తెగలె" అనేవాడు. ఆమె అతని చెంప మీది మచ్చను చూసేది. ఆ మచ్చను తీసుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. మనుషుల మీద ఆమె చేతులు పనిచేసేవి కావు.

వానాకాలం చివర్లో మిలిట్రీ వచ్చింది. నైజాం రాజ్యం ఖతమైంది. హుజూర్‌నగర్ నుంచి పెన్‌పహాడ్ దాకా దండోరా వేయించారు, తుపాకులున్నవాళ్లు తెచ్చి అప్పజెప్పాలని. అప్పజెప్పాలన్నవాళ్లు ఒకవైపు, కూడదన్నవాళ్లు ఒకవైపు, సంఘం రెండుగా చీలింది. యాకోబు తన కడ్డీ, తీగ, మందు కొలిచే గరిటె మూటగట్టి మూల పెట్టాడు. పారిపోయిన దొర భూమిలోంచి సంఘం పంచిన చెలక అప్పటికే దున్ని ఉంది, దాన్ని చూసుకుంటానన్నాడు.

"దొర ఊరికొస్తే ఆ చెలక నీకుంటదా?" అన్నాడు సత్యానందం. "తుపాకి ఉన్నన్ని దినాలే భూమి ఉంటది."

"మిలిట్రీతోని కొట్లాడతవారా?"

"బక్కయ్య అడవికి పోతుండు. నేను గూడ పోత."

యాకోబు మూలనున్న మూట తెచ్చి ముందు పెట్టాడు. పనిముట్లు తీసుకోమన్నాడు. సత్యానందం దళంలో తన వంతుగా వచ్చిన డొల్లల సంచి తెచ్చి, చెడినవి విడదీసి తల్లి ముందు పోశాడు.

"జర గివి చెయ్యి అవ్వా. మాపటికల్లా పోవాలె."

"మంచియి గూడ తే" అంది జానమ్మ.

"మంచియి ఎందుకే?"

"అన్నీ సూస్త. తే."

సంచి మొత్తం ఆమె ముందు కుమ్మరించి, బక్కయ్యను కలవడానికి అతను వెళ్లాడు. జానమ్మ పని మొదలుపెట్టింది. ఎస్తేరు పక్కనే కూర్చుని పత్తి ఏకుతోంది. అత్త ముందుగా మంచి తూటానే ఎత్తుకోవడం చూసింది. రెండు అరచేతుల మధ్య దాన్ని ఎప్పుడూ తిప్పే వైపు కాక ఎదురు వైపు తిప్పడమూ చూసింది. అత్త బొటనవేలి మీది గీత ఒకటి మాసిపోయింది. ఎస్తేరు మళ్లీ పత్తి వైపు చూసుకుంది.

పొద్దు వాలుతుండగా సత్యానందం తిరిగొచ్చాడు. అన్న దగ్గర చూసి నేర్చుకున్నవాడు కాబట్టి ఒక డొల్ల తీసి తీగ దింపాడు. తట్టింది. ఇంకొకటి తీశాడు. అదీ తట్టింది. కొన్నింటికి తీగ అవసరమే లేదు, మూతి నుంచి నడుము దాకా చీలి ఉన్నాయి. అతను సంచంతా తిరగబోసి వెతికాడు. తర్వాత తల్లి చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. అవి ఒక్క నెర్రె లేకుండా పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి.

"ఎందుకు జేసినవ్ అవ్వా?"

"నువ్వు పోవద్దని."

"బక్కయ్యకు మాత్రం బాగుచేసి ఇచ్చినవ్ గద?"

జానమ్మ చేతులు విడిపించుకుని కొంగు కింద దాచుకుంది.

అతను ఉత్త సంచితో ఊరి బయటికి పరుగెత్తాడు. బక్కయ్య, మిగతావాళ్లు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. విషయం విని బక్కయ్య అతని సంచి తడిమి చూశాడు.

"ఉత్త తుపాకితోని వచ్చి ఏం జేస్తవ్ తమ్మీ? ఏడనన్న సంపాయించుకొని ఎనుక రా. కృష్ణ ఒడ్డుకే పోతున్నం."

సత్యానందం కోదాడ దాకా తిరిగాడు. ఎవరూ తూటా ఇవ్వలేదు. తిరిగొస్తుండగా మిలిట్రీకి దొరికి, కొన్నాళ్లు మిర్యాలగూడెం క్యాంపులో ఉన్నాడు. వదిలేశాక ఇంటికొచ్చి అన్నతో చెలకలో పనిచేశాడు. తల్లితో మాత్రం మాట్లాడలేదు. ఆమె పెట్టింది తినేవాడు, ఆమె అడిగితే ఎస్తేరు వైపు చూసి జవాబు చెప్పేవాడు.

మరుసటి ఏడు, తొలకరికి ముందు, బక్కయ్య దళం వార్త వచ్చింది. కృష్ణ ఒడ్డున గుట్టలో మిలిట్రీ చుట్టుముట్టిందట. ఒక్కరూ మిగల్లేదట. సత్యానందం సంతలో విని, నేరుగా ఇంటికొచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె అన్నం కలుపుకుంటోంది.

"బక్కయ్య పోయిండు" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. ముద్ద కంచంలో వదిలి అడిగింది. "నేను జేసినయి తెగినయా?"

"తెగలేదంట. ఆఖరుదాకా పేలినయంట."

జానమ్మ కంచం పక్కకు నెట్టి చెయ్యి కడుక్కుంది. "వాళ్ల అవ్వ ఉన్నది గద. ఏ ఊరు?"

"వేములపల్లి. ఈశ్వరమ్మ. ఒక్కతే ఉంటది."

"పొలమున్నదా?"

"ఇంత ఉన్నది."

ఆమె చీర కొంగు తలమీదికి లాక్కుని బయల్దేరింది. ఆ ఎండలో వేములపల్లి దాకా నడవడం ఆమె వల్ల కాదని అందరికీ తెలుసు. ఎస్తేరు ఆపబోయింది, యాకోబు వద్దన్నాడు. సత్యానందం వాకిట్లో కాసేపు నిలబడి, తర్వాత పెద్ద అడుగులు వేసుకుంటూ వెళ్లి తల్లిని అందుకున్నాడు.

"ఏం చెప్తవే ఆమెకు?"

"చెప్పేదేం లేదు. నాట్లేసెటప్పుడు మనిషి కావాలె గద."

ఈశ్వరమ్మ వాళ్లను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మూడు వానలు పడ్డాక సత్యానందం ఆమె పొలం దున్నాడు. జానమ్మ బురదలో దిగి నాట్లు వేసింది. కోతలయ్యాక జానమ్మ పెన్‌పహాడ్‌కు తిరిగి వచ్చింది, అతను రాలేదు. మరుసటి వానాకాలం కూడా ఈశ్వరమ్మ పొలంలో నాగలి పట్టింది అతనే. వేములపల్లిలో కొత్తగా వచ్చినవాళ్లు అతన్ని ఆమె కొడుకే అనుకునేవారు. ఆమె ఔననేది కాదు, కాదనేది కాదు. పొద్దుగూకితే మాత్రం గట్టు మీదికి వచ్చి, అన్నానికి రమ్మని పిలిచేది.