పలకని రక్తం

కృపారాణికి పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కానింగులో తేలింది. బేస్తవారిపేట పక్క పల్లెలో ఆమె మిరపకోతలకూ కంది కోతలకూ కూలికి పోయేది. భర్త విక్టర్ ఊళ్లో ఒక రైతు దగ్గర ట్రాక్టర్ నడిపేవాడు. కడుపులో చిన్న చిన్న రంధ్రాలు పెట్టి రాళ్లు తీసేస్తారనీ, మూడో రోజుకల్లా ఇంటికి రావచ్చనీ చెబితే ఇద్దరూ పెద్దగా భయపడకుండానే ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లారు.

ఆపరేషన్ మొదలే కాలేదు. మత్తు ఇచ్చిన కాసేపటికే ఆమె ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ముఖం ఉబ్బింది, బీపీ పడిపోయింది. బయట కూర్చున్న విక్టర్‌కు లోపలికి పరుగెత్తుతున్న నర్సులు మాత్రమే కనబడ్డారు. ఎవరిని అడిగినా ఆగలేదు. చాలాసేపటికి డాక్టరు వచ్చి, మనిషి దక్కింది గానీ ఈ రోజు కోయలేమని చెప్పాడు. మత్తు మందు, కండరాలు వదులు చేసే మందు, చీము పట్టకుండా ఇచ్చే యాంటీబయాటిక్, ఈ మూడూ ఇంచుమించు ఒకేసారి నరంలోకి పోయాయట. అందులో ఏది పడలేదో తెలియదు. అది తెలిసేదాకా ఆమెకు మళ్లీ మత్తు ఇచ్చే సాహసం ఇక్కడ ఎవరూ చేయరని తేల్చేశాడు.

కొన్ని వారాలు ఆగి, ఒంగోలు డాక్టర్లు చెప్పిన హైదరాబాదు ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ముందు చర్మం మీద మందులు పొడిచి చూశారు. ఏదీ పొంగలేదు. అంత ప్రమాదం జరిగాక చర్మం మాట ఒక్కటే నమ్మలేమని అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష చేద్దామంది. రక్తంలో ఒక రకం తెల్లకణాలుంటాయనీ, పడని మందు తగిలితే అవి రెచ్చిపోతాయనీ, ఒంట్లో జరిగే గొడవంతా అక్కడే మొదలవుతుందనీ ఆమె నిదానంగా వివరించింది. ఆ గొడవ మనిషి ఒంట్లో కాకుండా గాజు గొట్టంలో జరిపించి చూస్తారట. తీసిన రక్తంలో ఒక్కో మందూ విడివిడిగా కలిపితే ఎన్ని కణాలు రెచ్చిపోయాయో యంత్రం లెక్కపెడుతుంది. కణాలు బతికి ఉండాలి కాబట్టి ఊళ్లో రక్తం తీసి బస్సులో పంపితే కుదరదు, మనిషే రావాలి.

విక్టర్‌కు ఆ మాట బాగా నచ్చింది. భార్యకు ఏ ఆపదా లేకుండా, ఆమె పక్కన కుర్చీలో కూర్చుని ఉండగానే జవాబు తెలిసిపోతుంది. ఊళ్లో ఉన్న తల్లి వెంకాయమ్మకు ఫోను చేసి, ఇంక దోవ దొరికినట్టేనని చెప్పాడు. ఆమె అవతల నుంచి ప్రార్థన మొదలుపెడితే ఫోను చెవికి ఆనించుకుని వరండాలోనే నిలబడి విన్నాడు.

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. మూడు మందులకూ కణాలు కదల్లేదంది.

"అంటే మూడూ పడతాయా మేడం?" అన్నాడు విక్టర్.

ఆమె తల అడ్డంగా ఊపింది. ప్రతి రక్తంలోనూ ముందు ఒక ద్రవం కలిపి చూస్తారు. దానికి దాదాపు అందరి కణాలూ రెచ్చిపోవాలి. కృపారాణి కణాలు దానికి కూడా పలకలేదు. మళ్లీ రక్తం తీసి చూసినా అంతే. పదిమందిలో ఒకరి కణాలు ఇట్లా ఉంటాయనీ, అది జబ్బేమీ కాదనీ, కాకపోతే అట్లాంటివాళ్ల విషయంలో ఈ పరీక్ష అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదనీ అంది.

కృపారాణి కుర్చీలో ముందుకు జరిగింది. "ఆ రోజు బల్ల మీద అంత రచ్చ చేసిన రక్తం, ఈరోజు ఇంతమంది అడిగితే పలకదా మేడం?" అంది.

డాక్టరమ్మ, నా దగ్గర కూడా దీనికి జవాబు లేదమ్మా అంది. ఆ మూడు మందులూ వదిలేసి వేరేవాటితో ఇక్కడే ఆపరేషన్ చేయవచ్చంది. కానీ ఒకదానికి పడనివాళ్లకు దాని జాతి మందు ఇంకొకటి కూడా పడకపోవచ్చు. ఏదో తెలియనప్పుడు ఏ జాతిని తప్పించాలో కూడా తెలియదు. అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం, పూచీ మాత్రం ఇవ్వలేమంది. ఆలోచించుకుని చెప్పమంది.

విక్టర్ భార్య వైపు చూశాడు. ఆమె నేల చూస్తూ, ఇంటికి పోదామంది.

ఊరికొచ్చాక కృపారాణి నొప్పి రాకూడదని నూనె మానేసింది, మాంసం మానేసింది. చర్చిలో విందు జరిగినా మజ్జిగన్నం తిని లేచేది. అయినా మిరపకోతల కాలంలో ఒక మధ్యాహ్నం చేలోనే నొప్పి వచ్చి సాళ్ల మధ్య పడిపోయింది. విక్టర్ ఆటోలో మార్కాపురం తీసుకుపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. అక్కడి డాక్టరు ఆనంద్ బాబు పిత్తాశయంలో చీము పడుతోందనీ, వెంటనే యాంటీబయాటిక్ పెట్టాలనీ అంటూనే ఏ మందు పడదని అడిగాడు.

"తెలియదు సార్. హైదరాబాదులో పరీక్ష చేయించినాం."

"తెలియదంటే ఎట్ల? పరీక్ష చేయించినామంటున్నావు కదా."

"చేయించినాం సార్. ఏందనేది తేలలా."

డాక్టరు హైదరాబాదు కాగితాలన్నీ చదివాడు. వేరే జాతి మందు ఒకటి ఎంచుకుని, విరుగుడు ఇంజెక్షన్ సిరంజిలో నింపి పక్కన పెట్టుకుని, చుక్క చుక్కగా ఎక్కించడం మొదలుపెట్టాడు. దద్దుర్లు లేస్తే వెంటనే పిలవమని విక్టర్‌ను మంచం పక్కన కూర్చోబెట్టాడు. విక్టర్ ఆమె మెడ, చేతులు, ముఖం మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. చెమట పొక్కు కనబడినా వంగి తడిమి చూసేవాడు. ఆమె దగ్గితే లేచి నిలబడేవాడు. తను చూడటం తప్ప ఇంకేమీ చేయలేడు.

మందు పడింది. జ్వరం దిగింది. రాళ్లు అట్లాగే ఉన్నాయనీ, మళ్లీ నొప్పి వస్తే మందులకు లొంగకపోవచ్చనీ, అప్పుడు కోయక తప్పదనీ చెప్పి ఆనంద్ బాబు ఇంటికి పంపాడు.

వారం తర్వాత సాయంత్రం వెంకాయమ్మ జావ కాచి ఇచ్చింది. కృపారాణి గడపలో కూర్చుని తాగుతూ, పక్కన కూర్చున్న విక్టర్‌తో మెల్లగా మాట్లాడింది.

"ఈసారి నొప్పి వస్తే హైదరాబాదే పోదాం. నాకు తెలివుంటే నేనే చెప్తా. లేకపోతే నువ్వే చెప్పాల."

"ఏం చెప్పాల?"

"కోయమనో, వద్దనో."

"నాకేం తెలుసు రాణీ? అంత చదివినోళ్లకే తెలియలా."

"నాకు మాత్రం తెలుసా? ఎవరో ఒకరు చెప్పాల కదా. నువ్వు ఏది చెప్పినా నిన్నేమీ అనుకోను."

ఆమె జావ తాగడం అయిపోయింది. విక్టర్ గిన్నె అందుకుని కడగడానికి లేచాడు.