యాస్మిన్ ఉంటే దొరకని రిపేరు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే అబ్దుల్ బారీ చేసే మొదటి పని అరుగు ఊడ్చి చాప పరవడం. కార్ల ఏసీలు బాగుచేసే మనిషికి చాపతో పనేమిటంటే, ఎండ ముదిరేసరికి సగం గల్లీ ఆ అరుగు మీదే ఉంటుంది. షెడ్డు వెనక గదిలో ఆయన కూతురు యాస్మిన్ ఉంటుంది. యాస్మిన్ ఎక్కడుంటే అక్కడ చల్లగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. పాలాయన క్యాన్లు ఆమె గది గోడకు ఆనించి పోతాడు. జ్వరమొచ్చిన పిల్లల్ని తల్లులు తెచ్చి ఆమె ఒళ్లో పడుకోబెడతారు. జనగామలో కరెంటు పోతే ఆ గల్లీలో మాత్రం ఎవరూ పట్టించుకోరు.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఎండాకాలం అది. చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. దీక్షలో కూర్చున్న పెద్దలు సొమ్మసిల్లకుండా యాస్మిన్‌ను కూడా తీసుకెళ్లి ఓ మూల కుర్చీ వేసేవారు. ఆమె పస్తుండక్కర్లేదు, నినాదమివ్వక్కర్లేదు, కదలకుండా కూర్చుంటే చాలు. ఆ పిల్లకు ఒళ్లు మండేది అందుకే.

నర్సు చదువు పూర్తిచేసిన యాస్మిన్‌కు భూపాలపల్లిలో ఒక దవాఖానలో ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోపు చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ మాట ఎత్తితే చాలు, గల్లీ అంతా గుమ్మానికి అడ్డం నిలబడేది.

"ఎండలు పోనీ బిడ్డా," అనేది ఎదురింటి నర్సమ్మవ్వ, అరుగు మీద ఉల్లిగడ్డలు కోసుకుంటూ. "నువ్వు పోతే మేమెట్ల బతకాలె?"

ఎండలు పోతే ఉక్కపోత వస్తుందని యాస్మిన్‌కు తెలుసు. తండ్రి ఔననడు, కాదనడు, స్పానర్ వెతుక్కుంటూ లోపలికి పోతాడు. గదికి ఉన్న ఒక్క కిటికీకీ అవతల ఎప్పుడూ ఎవరిదో వీపు ఆనుకుని ఉంటుంది. ఊరందరికీ చల్లగా ఉండే ఆ గదిలో యాస్మిన్‌కు ఊపిరాడేది కాదు.

నెలాఖరు దగ్గర పడుతుండగా కిరాయికి కారు నడిపే నిరంజన్ మళ్లీ వచ్చాడు.

"చాచా, ఏసీ మళ్ల గట్లనే. రఘునాథపల్లి కాడ రాస్తారోకోల ఇరుక్కున్నం. దవాఖానకు తీస్కపోతున్న ముసలాయన బండ్లనే కండ్లు తేలేసిండు. నీళ్లు కొట్టి లేపినం. గిట్లయితే నా బండి ఎవరెక్కుతరు?"

బారీ ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేశాడు. గాలి మంచులా వచ్చింది. గేజీ పెట్టి చూస్తే గ్యాస్ సరిగ్గానే ఉంది. పైపుల అతుకులకు సబ్బు నురగ రాశాడు, ఒక్క బుడగ లేవలేదు.

"మంచిగనే ఉన్నది కదరా!"

"ఈడ మంచిగనే ఉంటది చాచా. రోడ్డు మీదనే సస్తది. పోయినసారి గూడ గిట్లనే అని గ్యాస్ కొట్టి పంపినవ్."

బారీకి రోషం వచ్చింది. బంపర్ ఊడదీసి, ఫిల్టర్ దులిపి, మళ్లీ గేజీ పెట్టాడు. ఏమీ దొరకలేదు. గోడ అవతల అంతా వింటున్న యాస్మిన్ బయటికొచ్చి తండ్రి ముందు నిలబడింది.

"అబ్బా, నేనీడ ఉంటే బండి రోగం నీకెట్ల కనపడ్తది?"

బారీ చెయ్యి ఆగిపోయింది. నిజమే, ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులో ఏ కారూ వేడెక్కలేదు. వచ్చిన ప్రతి బండీ ఇక్కడ చల్లబడుతుంది, ఆయన ఇంత గ్యాస్ కొట్టి బాగైందని పంపిస్తాడు. ఆ బండ్లన్నీ ఊరు దాటాక ఏమయ్యాయో తలచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

"బండిని ఊరవతలికి తీస్కపోదాం," అన్న నిరంజన్ వెంటనే నాలుక కరుచుకున్నాడు. బంపర్ నేలమీదుంది, చౌరస్తాలో ఆ రోజూ రాస్తారోకో.

"బండి పోదు గని, నేను పోత," అంది యాస్మిన్.

తల్లి సఫియా బేగం అప్పటికే తమ్ముడు జావేద్‌కు ఫోన్ కలిపింది. నర్సమ్మవ్వ కత్తిపీట వదిలి లేచేలోపే జావేద్ మేనకోడల్ని బైకు ఎక్కించుకుని, సందుల్లోంచి లింగాల ఘనపూర్‌లోని ఆమె మేనత్త ఇంటికి దారి పట్టాడు.

బైకు ఊరు దాటిందని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రేకుల షెడ్డులోకి ఎండ దిగింది. బారీ చొక్కా వీపుకు అతుక్కుంది. ఏసీ గాలి మెల్లగా గోరువెచ్చనై, ఆ తర్వాత వేడెక్కింది. ఆయన వంగి కారు ముందు జాలీ దగ్గర అరచెయ్యి పెట్టాడు. లోపల ఏసీ వేడిని లాగేసే ఫ్యాన్ తిరగడం లేదు.

"ఇగో, దొరికింది!"

కారు పోతున్నంతసేపూ ఎదురుగాలి ఫ్యాన్ పని చేసిపెట్టేది. రాస్తారోకోలో బండి ఆగితే ఆ గాలీ ఉండదు. పాత బండి నుంచి తీసిపెట్టుకున్న ఫ్యాన్ మోటారు బిగించేసరికి ఏసీ మళ్లీ చల్లబడింది. నిరంజన్ ఎగిరి గంతేశాడు.

బారీ మాత్రం చెమట తుడుచుకుంటూ అరుగు వైపు చూశాడు. అందరూ తిట్టుకుంటూ, కొంగులతో, కండువాలతో విసురుకుంటున్నారు. నర్సమ్మవ్వ ఇంట్లోంచి తాటాకు విసనకర్ర తెచ్చుకుంది, ఒక చేత్తో విసురుకుంటూ ఇంకో చేత్తో ఉల్లిపొట్టు ఏరుతోంది.

"చూసినవా," అంది సఫియా బేగం నెమ్మదిగా. "ఎవ్వరూ సావలే."

ఆ రాత్రి బారీ అన్నం సరిగా తినలేదు.

తెల్లారి రోడ్డు తెరుచుకోగానే బారీ నిరంజన్ పక్కన కూర్చుని అతని కారులో లింగాల ఘనపూర్ వెళ్లాడు. తండ్రిని గుమ్మంలో చూసి యాస్మిన్ ముఖం చిన్నబోయింది. తప్పించుకున్న ఒక్క పూటా అయిపోయిందనుకుంది. మేనత్తకు సలాం చెప్పి వెనక సీట్లో కూర్చుంది. కారు జనగామ వైపు తిరిగింది. చౌరస్తాలో టెంటు, మూలన ఖాళీగా తన కుర్చీ కనిపించాయి. గల్లీ మలుపు దగ్గర దిగడానికి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. కారు నిదానించలేదు.

"అబ్బా, మన గల్లీ దాటిపోయింది."

"ఎరికే బేటా."

"మరి ఏడికి పోతున్నం?"

బారీ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపొస్తుంది.

"డిక్కీల నీ పెట్టె ఉన్నది. మీ అమ్మీ సర్దింది. వేరే ఫ్యాన్ మోటర్ ఏసిన గద, గది రోడ్డు మీద మంచిగ పనిచేస్తదో లేదో చూడాలె. నువ్వు బండ్ల ఉండంగ నాకెట్ల తెలుస్తది? నిన్ను భూపాలపల్లిల దించినంకనే చూస్త."