మోకాలి పేరు అత్తగారు

కంప్యూటర్ తెర మీద బొమ్మపిల్ల గుమ్మం దాటి పరుగెత్తింది. మడమ మీది చర్మం మాత్రం చూయింగ్ గమ్‌లా సాగి, గది మధ్యలోనే ఉండిపోయింది.

"ఇదొక్కటీ సరిచేసి వెళ్లిపోమ్మా," అన్నాడు మా బాసు. నా రిలీవింగ్ లెటర్ ఆయన సొరుగులో ఉంది. ఐదింటి బస్సు టికెట్టు నా బ్యాగులో ఉంది. నెల కిందటే వేరే ఊరికి మారిన మొగుడూ కూతురూ నాకోసం ఎదురుచూస్తున్నారు.

ఇలాంటివి చూసి బొమ్మకు దయ్యం పట్టిందని జనం నవ్వుకుంటారు. దయ్యమూ లేదు, నా బొందా లేదు. లోపల ఎముకలు, పైన వేల చుక్కలతో అల్లిన చర్మం. ప్రతి చుక్కనూ ఏదో ఒక ఎముకకు కట్టాలి. ఎముక కదిలితే చుక్క దాని వెంట పోతుంది. ఒక్కదాన్ని కట్టడం మరిచిపోతే అది పుట్టినచోటే ఉండిపోతుంది, మిగతా ఒళ్లంతా వెళ్లిపోతుంది.

ఏ ఎముకకు కట్టాలో తెలియడమే కష్టం. అదీ నా పుణ్యమే. ఆరేళ్ల కిందట ఈ బొమ్మకు ఎముకలు పెట్టింది నేను. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో నాకు తప్ప ఎవరికీ అర్థం కాని పేర్లు పెట్టాను. ఎంత బతిమాలినా సరిగ్గా వంగని కుడి మోకాలు 'అత్తగారు'. ఎటు గాలి వీస్తే అటు తిరిగే మెడ 'బాసు'. అడుగడుగునా వెంటపడే మడమ 'ఆడపడుచు'. నేను లేకపోతే ఈ పిల్ల అడుగు వేయలేదని మురిసిపోయాను కూడా.

మూడున్నరకు చుక్క దొరికింది. 'ఆడపడుచు'కు కట్టాను. పిల్ల మడమతో సహా బయటపడింది.

బాసు చప్పట్లు కొట్టాడు. "చూశావా! ఇంకెవరి వల్లవుతుంది? కొత్తమ్మాయి రెండ్రోజులు తల పట్టుకు కూర్చుంది. ఇంకో మూణ్నెల్లు ఉండమ్మా."

"పోయిన నెలా ఇదే అన్నారు సార్."

"ఏం చేయను? ఈ పేర్లు చదివే మనిషి నాకు ఇంకెవరున్నారు?"

ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని అరవను? గొయ్యి తవ్వింది నేనే, కొలతలు కూడా నావే.

ఫోన్ మోగింది. కూతురు. "అమ్మా, బయల్దేరావా?"

"లేదు నాన్నా. రేపు పొద్దున బస్సుకి వస్తా."

"పోయినసారీ రేపే అన్నావు." పెట్టేసింది.

కొత్తమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మొత్తం నూట నలభై ఎముకలు, తెల్లారేలోగా అన్నిటికీ అందరికీ అర్థమయ్యే పేర్లు పెట్టాలి. 'అత్తగారు' అన్న పేరు చెరిపేశాను. ఇక్కడ నా అవసరం లేకుండా చేసే మాటను అక్షరం అక్షరం టైపు చేశాను: కుడి మోకాలు.