చదవని అరవై పేజీలు

ఒక చొక్కా ఇస్త్రీ చేసేలోపు మాంగా, అంటే జపాను బొమ్మల కథల పుస్తకంలో రెండు పేజీలు అవుతాయి. ఇస్త్రీ కుడిచేతి పని. మాంగాని వెనక అట్ట నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకి చదవాలి, పేజీ తిప్పడానికి ఎడమచెయ్యి చాలు. ఆ పద్ధతి పెట్టినవాళ్లకి నా సంగతి ఎవరో ముందే చెప్పి ఉంటారు. పుస్తకాన్ని నీళ్ల సీసాకి ఆనించి, జారకుండా బట్టల క్లిప్పు పెట్టి, మా ఆయన ఆరు చొక్కాలకి పన్నెండు పేజీలు చదువుతాను. మడతలు మొండికేస్తే పద్నాలుగు.

నవలలు బస్సులో. యానిమేషన్ సినిమాలు వంటగదిలో, ఫోను పంచదార డబ్బాకి ఆనించి. భాష రాదు కాబట్టి కింద వచ్చే అక్షరాలు చదవాలి, అందుకే ఆ టైములో ఉల్లిపాయలు కోయను. ఒకసారి కోశాను. ముసలి నక్క పిల్లనక్కని వదిలేసి మంచులోకి నడిచిపోయే చోట నేను ముక్కు ఎగబీలుస్తుంటే మా ఆయన తొంగి చూశాడు.

"బొమ్మలకి కూడా ఏడుపేనా? మా నాన్న పోయినప్పుడు ఇంత ఏడవలేదు నువ్వు."

ఉల్లిపాయలండీ అన్నాను. వెంటనే నమ్మాడు.

నేను పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తాను. పేషెంట్లు లేని పది నిమిషాల్లో పుస్తకం తీస్తే డాక్టరు అద్దాల గదిలోంచి చూస్తాడు. "ఈ వయసులో బొమ్మల పుస్తకాలేంటమ్మా? వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?" సోమవారం పొద్దున్న అదే డాక్టరు, "నిన్న పేపర్లో మీవారు రాసింది చదివాను. మాంగాలో అంత లోతుందని నాకు తెలీదు సుమా. మీరు కూడా ఆయన దగ్గర కూర్చుని కాస్త నేర్చుకోకూడదూ?" అంటాడు. నేను నవ్వి రెండో నంబరు పేషెంటుని లోపలికి పంపిస్తాను.

మా ఆయనకి ఆదివారం పేపర్లో ఒక పేజీ ఉంది. పేరు 'ఈ వారం నేను'. ఆ వారం తను చదివిన నవల, చూసిన యానిమేషన్, నచ్చిన మాంగా గురించి రాస్తాడు. అంటే, నేను రాస్తాను.

ఇది ఒక్కరోజులో జరగలేదు. మొదట్లో భోజనాల దగ్గర నేను చదివినవి చెబుతుంటే "ఊఁ, తర్వాత?" అనేవాడు. నా మాట వినే మొగుడు దొరికాడని నేను మురిసిపోయాను. తర్వాత ఒకనాడు స్నేహితుడొకడు పేపర్లో పేజీ ఇప్పిస్తానన్నాడు. "నువ్వు చెప్పినవే కాస్త సరిచేసి రాస్తాను" అన్నాడు మా ఆయన. కొన్నాళ్లకి, "నువ్వే రాసియ్యి, నేను సరిచేస్తాను." ఇంకొన్నాళ్లకి, "నా మెయిల్‌లోంచి నువ్వే పంపెయ్, నాకు ఆఫీసులో ఊపిరాడట్లేదు." నాలుగేళ్లు, రెండొందల వారాలు. పంపేముందు చదివి చూడమని మొదట్లో వెంటపడేదాన్ని. "నీ మీద నాకు నమ్మకం లేదా ఏంటి" అనేవాడు. బద్ధకాన్ని ఇంత ముద్దుగా చెప్పగలిగినవాడు నిజంగా రచయితే అయి ఉండాలి.

నా పేరు కూడా వేయిస్తే బాగుంటుందేమోనని ఒక్కసారే అడిగాను. ఆయనకి కోపం రాలేదు. నవ్వాడు. "ఇంట్లో ఎవరు రాస్తే ఏంటి? నా చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరని జేబు మీద కుట్టించుకుని తిరుగుతున్నానా?"

మా అత్తయ్య దగ్గర ఇంకో పాట. "వాడు అంతంత చదివి అలిసిపోతున్నాడు. నువ్వు ఆ బొమ్మలు పక్కన పడేసి వాడికి కాస్త కాఫీ పెట్టివ్వు." మా ఆడపడుచైతే నాకు 'బొమ్మల వదిన' అని పేరే పెట్టేసింది.

మూడు వారాల కిందట అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయింది. గంటకోసారి చుక్కలు. ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య పది నిమిషాలు ఆగాలి. క్లినిక్‌కి నెలరోజులు సెలవు పెట్టాను, జీతం కోత. అప్పటికి నేను ఎనిమిది పుస్తకాల మాంగా ఒకటి చదువుతున్నాను. పాతకాలం నాటి పెద్ద బట్టల దుకాణంలో పంతొమ్మిదేళ్లుగా లిఫ్టు నడిపే ఒకావిడ కథ. "ఎన్నో అంతస్తు?" అని అడగడం తప్ప ఆవిడకి మాటలున్నాయని ఎవరికీ తెలీదు. పెళ్లిబట్టలకొచ్చినవాళ్లు, చావుబట్టలకొచ్చినవాళ్లు అందరూ ఆవిడ వీపుతోనే మాట్లాడతారు. ఎనిమిదో పుస్తకంలో చివరి అరవై పేజీలు మిగిలి ఉండగా శుక్రవారం వచ్చేసింది. పేజీ సాయంత్రం ఆరుకల్లా పంపాలి.

"చివర ఏమైందో నాకు తెలీదండీ. ఈ వారం వేరే ఏదైనా రాస్తాను" అన్నాను.

"పోయిన వారమే చెప్పేశాం కదా, అదే వస్తుందని. ఏదో ఒకటి రాసెయ్. ఎనిమిదో పుస్తకం చివరిదాకా చదివేవాడెవడు?" అని స్నానానికి వెళ్లిపోయాడు.

రాసేశాను. ఒక మధ్యాహ్నం, పండగ అమ్మకాలప్పుడు, జనం తోసుకుంటున్నప్పుడు, ఆవిడ అందరినీ దింపేసి లిఫ్టుని నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆపేస్తుంది. అన్ని అంతస్తుల్లో గంటలు మోగుతుంటాయి. ఆవిడ చెప్పులు విప్పి, స్టూలు మీద గోడవైపు కాకుండా ఇటువైపు తిరిగి కూర్చుంటుంది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆవిడ ముఖం పేజీ నిండా కనిపిస్తుంది. తలుపులు బాదుతున్న ఆ లోకంతో ఆవిడ తాపీగా అంటుంది: ఎన్నో అంతస్తు కావాలో ఈసారి నన్ను అడగండి.

అది రాసిన అరగంటలో నాకు ఎవరి చొక్కా, ఎవరి కన్నూ గుర్తు రాలేదు. రెండో మందు పావుగంట ఆలస్యమైంది. అత్తయ్య ఆ సంగతి చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

ఆ ఆదివారం వచ్చినన్ని ఉత్తరాలు నాలుగేళ్లలో ఎప్పుడూ రాలేదు. మా ఆయన ఆఫీసులో ఆడవాళ్లు ఆ ఆఖరి వాక్యాన్ని కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నారట. ఆడపడుచు ఇంటికొచ్చి మరీ పేపరు పైకి చదివింది. "ఆడదాని మనసు మా అన్నయ్య పట్టినట్టు ఎవడూ పట్టలేడు. నువ్వు పెట్టి పుట్టావు వదినా!" పట్టినవాడు సోఫాలో కాళ్లు చాపుకుని, "ఏదో, రాస్తుంటే అలా వచ్చేసింది" అన్నాడు. నేను కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్లాను. నా వాక్యాన్ని ఇంకొకరు నోరారా చదువుతుంటే వినడం అదే మొదలు. సిగ్గు లేకుండా గుమ్మం పక్కనే నిలబడి పూర్తిగా విన్నాను.

మొన్న సోమవారం పేపరాఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఒక బడిలో డ్రాయింగ్ టీచరు. ఎడిటరు గారు దాన్ని మా ఆయనకి పంపి, ఫోన్‌లో అరిచినంత పని చేశారు. మా ఆయన స్పీకరు పెట్టుకోవడం మర్చిపోడు కాబట్టి ఇల్లంతా విన్నది.

"సార్, ఆవిడ దగ్గర ఎనిమిది పుస్తకాలూ ఉన్నాయంట. చివర్లో దుకాణంవాళ్లు ఆ లిఫ్టు ఆవిడ చేతిలో పూలగుత్తి పెట్టి పంపించేస్తారు, ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోతుంది, దానంతటదే నడిచే కొత్త లిఫ్టు వస్తుంది, అంతే. లిఫ్టు ఎక్కడా ఆగదంట. అసలు మీరు ఆ పుస్తకం చదివారా?"

"చదివానండీ... అంటే..."

"గురువారం సాయంత్రానికి నాకు వివరణ కావాలి. ఆదివారం అదే పేజీలో వేస్తాను. లేదంటే పేజీ ఆపేస్తాను."

ఫోను పెట్టేసి మా ఆయన నావైపు తిరిగాడు. నాలుగేళ్లలో నేను రాసిన దాని గురించి ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఏం రాసి చచ్చావు?"

"మీరే కదా ఏదో ఒకటి రాయమన్నారు."

"ఏదో ఒకటి అంటే పట్టుబడేదా?"

రెండు రోజులు ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఈ పేజీ పోతే ఆయనకి పోయేది ఆదివారం గొప్ప. నాకు పోయేది వేరు. ఆ పేజీ ఉంది కాబట్టే నేను ఇస్త్రీ బల్ల దగ్గర పుస్తకం పెట్టుకున్నా ఎవరూ లాక్కోరు. "వాడి పేజీకి కొన్న పుస్తకాలే కదా" అని అత్తయ్య వదిలేస్తుంది. నా చదువంతా ఆయన పేరు కింద దాక్కుని బతుకుతోంది. అది పోతే నేను ఉత్త బొమ్మల వదినని.

ఇవాళ గురువారం. పొద్దున్నే ఆయన తేలికైన ముఖంతో వచ్చి పక్కన కూర్చున్నాడు. అంత దగ్గరగా కూర్చున్నాడంటే నాకు ఏదో పని పడబోతోందని అర్థం.

"దారి దొరికింది. నీకు ఎప్పటినుంచో ఉన్న సరదా కూడా తీరుతుంది. నీ పేరు వేయిస్తాను."

నా గుండె నిజంగానే ఒక్కసారి ఎగిరింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎగిరినందుకు దాన్ని తిట్టుకోవాలో, మెచ్చుకోవాలో.

"ఎలా?"

"చిన్న వివరణ. పని ఒత్తిడి వల్ల ఆ వారం నోట్సు నా భార్య తయారు చేసింది, పాపం ఆమెకి మాంగా మీద పెద్ద అవగాహన లేదు, అక్కడ పొరపాటు దొర్లింది, పాఠకులు మన్నించాలి. కింద నీ పేరు."

"అవగాహన లేదని నా పేరుతో వేస్తారా?"

"నీకు పోయేదేముంది? నిన్నెవరు ఎరుగుదురు? నేను బయట తిరగాల్సినవాణ్ని." వీపు మీద చెయ్యి వేసి తట్టాడు. "అదేదో నువ్వే రాసి పంపెయ్. కాస్త వినయంగా ఉండాలి. నాకు మీటింగు ఉంది."

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. నన్ను తిట్టే ఉత్తరాన్ని కూడా నాతోనే రాయిస్తున్న సంగతి ఆయనకి తట్టలేదు. తట్టి ఉంటే నవ్వైనా వచ్చేది.

మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీశాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. అలవాటుగా వేళ్లు 'పని ఒత్తిడి వల్ల నేను' అని మొదలుపెట్టాయి. ఆ 'నేను' ఆయన. రెండొందల వారాలుగా నేను అని రాసిన ప్రతిచోటా ఆయనే కూర్చున్నాడు. కొట్టేశాను. తెర తెల్లగా అయింది. నేను అని మళ్లీ రాశాను. ఈసారి ఎవరూ వచ్చి కూర్చోలేదు.

డ్రాయింగ్ టీచరు గారికి, అని మొదలుపెట్టాను. ఆ ముగింపు ఏ పుస్తకంలోనూ లేదు. చివరి అరవై పేజీలు చదవడానికి నాకు వీలు దొరకలేదు, అందుకే కల్పించాను, అది తప్పే. ఆ వారం మాత్రమే కాదు, అన్ని వారాలూ చదివింది, చూసింది, రాసింది నేనే. పూలగుత్తి తీసుకుని ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయిందని మీ ఉత్తరం ద్వారానే తెలిసింది. నాకు కష్టంగా అనిపించింది. కింద నా పేరు, నా ఫోను నంబరు. మూడున్నరకి పేపరాఫీసుకి పంపేశాను.

నాలుగింటికి ఫోను మోగింది. ఎడిటరు గారు. ఆయన గొంతు ఇంత మెల్లగా ఉంటుందని నాకు తెలీదు.

"అమ్మా, ఈ వివరణ... రాసింది మీరేనా?"

"అవునండీ."

"ఇది అచ్చయితే మీ ఇంట్లో పరిస్థితి ఏమిటో ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండీ."

"మరి సార్ ఇది చూశారా?"

పక్కగదిలో అత్తయ్య దగ్గింది. మందు వేసే టైము అయింది. నేను తలుపు దగ్గరకి వేశాను.

"లేదండీ. ఆయన ఏ వారమూ చూడరు. ఈ ఆదివారం చూస్తారు."