జతగానే కొనాలట

మా మరిదిని ఇంట్లో అందరూ మేధావి అంటారు. మొదట్లో వేళాకోళానికే అన్నారు. అతను నమ్మేశాడు కాబట్టి ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి లేదు. ఫోను కొనాలన్నా, ఫ్రిజ్ మార్చాలన్నా అతను ఊ అనాలి. నేనూ అతన్నే అడిగాను. అందుకే ఇందులో సగం తప్పు నాదని ముందే ఒప్పుకుంటున్నాను.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. గీసేదాన్ని అనాలేమో. పాప పుట్టాక ఆఫీసు మానేశాను. నాలుగేళ్ళుగా జిరాక్స్ షాపు కౌంటరు వెనక రోజుకు తొమ్మిది గంటలు నిలబడుతున్నాను. సాయంత్రానికి మడమలు పొయ్యి మీద పెట్టినట్టుంటాయి. అలాంటి నన్ను పాత ఆఫీసులో మేడం గుర్తుపెట్టుకుని పిలిచింది. ఇంటి దగ్గర కూర్చునే గీయొచ్చు, జీతం నెలనెలా. కాకపోతే ఇప్పుడు ప్లాన్లన్నీ త్రీడీలోనే. మా ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ వాటిని తెరవనైనా తెరవదు.

"మంచి కంప్యూటరు చూసుకో. మూడు నెలలు నీకోసం ఆగుతాను," అంది మేడం.

తయారుగా ఉన్నది కొంటే దోపిడీ అనీ, విడిభాగాలు తెచ్చి తనే బిగిస్తాననీ మేధావి అన్నాడు. అన్నట్టే డబ్బా, మదర్‌బోర్డు, ప్రాసెసరు ఒక్కొక్కటే తెచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని మరీ బిగించాడు. పనితనానికి వంక పెట్టను. ర్యామ్ ఒక్కటే ఆపాడు. మెమరీ ముక్కలు రెండు, అవి లేనిదే మిషను నడవదు.

"అది ఎప్పుడూ చివర్లో కొనాలి వదినా. రోజులు గడిచేకొద్దీ రేటు తగ్గే వస్తువు అదొక్కటే."

పదేళ్ళుగా అతను చూసింది అదేనట. ఈ ఏడాది మాత్రం లోకం తిరగబడింది. ఏఐ కంపెనీలు ఫ్యాక్టరీల్లో తయారయ్యే ర్యామంతా ముందుగానే కొనేస్తున్నాయన్నారు. నెల తిరిగేసరికి ధర రెండింతలైంది. మా ఇంట్లో ఓ మూల బల్ల మీద, ఫ్యాను తిరిగే, బొమ్మ మాత్రం రాని కంప్యూటరు మిగిలింది. పాప దానికి రోజూ టాటా చెప్పి బడికి వెళ్ళేది.

ఒక సోమవారం ధర కాస్త తగ్గింది. నేను సంచీ భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంటుంటే మేధావి అడ్డం వచ్చాడు.

"ఇప్పుడా? పడటం ఇప్పుడే మొదలైంది వదినా. ఇంకో వారం ఆగితే పాత రేటుకొచ్చేస్తుంది. నిదానమే ప్రధానం."

చెప్పులు విప్పాను. గురువారానికి అది మూడింతలైంది. ఆలస్యం అమృతం విషం అని కూడా పెద్దలే అన్నారు, కానీ మా ఇంట్లో ఆ సామెతకు వాడుక లేదు.

"పోనీ, ఒక్కటే కొందాం," అన్నాను.

"రెండూ జతగానే కొనాలి. ఒకటి ఇప్పుడు, ఇంకోటి తర్వాత అంటే జత కుదరదు. మిషను మొండికేస్తుంది."

"అయితే నీ దాంట్లో నాలుగున్నాయిగా. రెండు ఓ నెల అప్పివ్వు."

అతని ఆటల కంప్యూటరుకు పక్కన అద్దం ఉంటుంది. అందులో నాలుగు ముక్కలూ రంగురంగుల్లో వెలుగుతుంటాయి. నేను కిడ్నీ అడిగినట్టు చూశాడు.

"అవి నాలుగూ ఒక సెట్టు వదినా. విడదీయకూడదు."

మా ఆయన వైపు చూశాను. "వాడికి తెలీదంటావా?" అన్నాడు, టీవీ వైపు నుంచి తల తిప్పకుండానే.

గడువు అయ్యాక మేడం ఫోను చేసింది. ఒక్క వారం ఆగమన్నాను, ధర తగ్గగానే కొంటానన్నాను.

"ధర కోసమా ఇన్నాళ్ళూ ఆగావు?" అంది. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ వారం కూడా గడిచింది, పని వేరే ఆవిడకు ఇచ్చేసింది.

అప్పుడు వెళ్ళాను, ఒక్కదాన్నే, కంప్యూటర్ల షాపుకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. మదర్‌బోర్డు పేరు చెప్పి, ఒక్కటే పెడితే నడవదా అని అడిగితే షాపతను నవ్వాడు.

"ఒక్కటి పెట్టినా నడుస్తుందమ్మా. కాస్త నెమ్మది, అంతే. ఇప్పుడందరూ అలాగే లాగించేస్తున్నారు. రేటు తగ్గాక రెండోది పెట్టుకుంటారు."

"జత కుదరకపోతే?"

"చాలావరకు కుదురుతుంది. కుదరకపోతే మార్చిస్తాం కదా."

ఒక్కదానికి సరిపడా డబ్బు మొదటి నెల నుంచీ నా సంచీలోనే ఉంది. షాపు మా వీధి చివరే. అడగడానికి నోరు ఉంది. శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. మా ఇంట్లో శకునం చెప్పింది బల్లి, తొట్టిలో పడింది నేను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి అడిగితే మేధావి తడుముకోలేదు. "నడుస్తుంది వదినా. కానీ అది పద్ధతి కాదు," అన్నాడు.

నిన్న మధ్యాహ్నం మా జిరాక్స్ షాపుకు నా వయసే ఉన్న ఒకావిడ వచ్చింది. పెన్ డ్రైవ్ ఇచ్చి, పెద్ద షీట్ల మీద రెండు సెట్లు కావాలంది. తెరిచాను. రెండంతస్తుల ఇల్లు. కింద మూల మేడం ఆఫీసు పేరు.

"కొత్తగా చేరానండి. ఇంటి దగ్గరే పని," అంది, అడగకుండానే. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు.

మొదటి షీటు బయటికి వస్తుండగా ఫోను మోగింది.

"వదినా, ఈరోజు ర్యామ్ భలే పడింది. చెప్పానా లేదా? ఆర్డరు పెట్టేశాను, జతగానే. మీరు ఓపిక పట్టబట్టి ఎంత మిగిలిందో తెలుసా?"

వినకుండానే పెట్టేశాను. షీటు తీసి బల్ల మీద పరిచాను. మెట్ల కింద స్టోర్ రూము తలుపు తెరిస్తే సగంలోనే మెట్టుకు తగులుతుంది. నేనైతే అలా గీసేదాన్ని కాదు. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను, చెయ్యి ఊరుకోలేదు. వేలు పెట్టి చూపించాను.

ఆవిడ వంగి చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, నిజమే. మీకెలా తెలిసిందండీ? మీరూ గీస్తారా?"

"లేదండీ," అన్నాను. "రోజూ ప్రింట్లు తీస్తుంటాం కదా."